విక్కన్‌నని క్లాసులో చెప్పాలా?

(టెక్సస్‌లోని డాలస్ ప్రాంతంలో తెలుగు తల్లిదండ్రులు, హైస్కూల్ పిల్లలు కలిసి కూర్చున్న ఒక వారాంతపు సభలో, ప్రభుత్వ హైస్కూల్‌లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న తెలుగు మహిళ చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడేది ముఖ్యంగా పిల్లలతో. పెద్దవాళ్లు కూడా వినాలి. ఇది స్కూల్లో మొదలయ్యే విషయమే అయినా, తిరిగి తిరిగి ఇంటికే వస్తుంది.

నా గదికి వచ్చే పిల్లల్లో చాలామంది కాలేజీ అప్లికేషన్ల కోసమో, క్లాసు మార్చుకోవడానికో వస్తారు. కొందరు మాత్రం "తలుపు వేయొచ్చా?" అని అడిగి, ఆ తర్వాతే కూర్చుంటారు. అలా వచ్చినవాళ్లలో విక్కా మతాన్ని పాటించే పిల్లలు ఉన్నారు. వాళ్లు అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "నా క్లాస్‌మేట్స్‌కి చెప్పమంటారా, వద్దంటారా?"

దీని గురించి మన తెలుగువాళ్ల సభలో ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఆ క్లాస్‌మేట్స్ మీరే కాబట్టి. మన చుట్టుపక్కల స్కూళ్లలో తెలుగు పిల్లలు లేని క్లాసు దొరకడం కష్టం. పైగా నేను గమనించింది ఒకటుంది. ఇలాంటి పిల్లలు ఎవరో ఒకరికి చెప్పుకోవాలనుకున్నప్పుడు తరచుగా హిందూ పిల్లల్నే ఎంచుకుంటారు. "వాళ్లింట్లో కూడా దీపం పెడతారు, అమ్మవారి బొమ్మ ఉంటుంది, నన్ను వింతగా చూడరు" అనుకుంటారు. ఆ నమ్మకానికి మనం తగినవాళ్లమై ఉండాలని నా కోరిక.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చెప్పాలా వద్దా అన్నది ఆ బిడ్డ ఒక్కతే తేల్చుకోవాలి. చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదు, పిరికితనమూ కాదు. చెప్పాలనుకుంటే మనిషిని చూసి చెప్పాలి, గుంపుకి కాదు. ఇంకొకటి, అందరూ మర్చిపోయేది ఇదే: క్లాసులో చెప్పాలా అన్న ప్రశ్నకి జవాబు సగం ఇంట్లోనే ఉంటుంది. అదెలాగో కాసేపట్లో చెబుతాను.

ముందు విక్కా అంటే ఏమిటో చూద్దాం. తెలియనిదాని గురించే మనకి భయం ఎక్కువ.

ఇది కొత్త మతం. ఇంగ్లండ్‌లో పుట్టింది. జెరాల్డ్ గార్డనర్ అనే ఆయన దీన్ని లోకానికి పరిచయం చేశాడు. 1884లో పుట్టాడు. సిలోన్‌లో, బోర్నియోలో, మలయాలో ఏళ్ల తరబడి పనిచేశాడు. చివరికి కస్టమ్స్ ఉద్యోగిగా రిటైరై ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. అక్కడ న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఒక చిన్న బృందం తనకి 1939లో దీక్ష ఇచ్చిందని చెప్పుకున్నాడు. మంత్రవిద్య మీద 1735 నుంచి ఉన్న చట్టాన్ని బ్రిటన్ 1951లో రద్దు చేసింది. ఆ తర్వాతే, 1954లో, గార్డనర్ దీని గురించి బహిరంగంగా పుస్తకం రాశాడు. డోరీన్ వాలియెంటే అనే ఆమె పూజావిధానంలో చాలా భాగం రాసి, సరిదిద్ది ఒక రూపానికి తెచ్చింది. 1960లలో రేమండ్ బక్‌లాండ్ దీన్ని అమెరికాకి తెచ్చాడు. అంటే ఈ గదిలో ఉన్న తాతయ్యల కంటే వయసులో పెద్దదేమీ కాదు. కొత్తది కాబట్టి నిజమైన మతం కాదనడానికి లేదు. పాత నమ్మకాల్ని, పాత పండుగల్ని పోగుచేసుకుని కొత్తగా కట్టుకున్న మతం, అంతే.

ఏం నమ్ముతారు? చాలామంది ఒక దేవతని, ఒక దేవుణ్ని కొలుస్తారు. చంద్రుడి కళల్ని, రుతువుల్ని పట్టించుకుంటారు. ఏడాదికి 8 పండుగలు. అక్టోబర్ 31న వచ్చేది సావిన్, చనిపోయినవాళ్లని తలచుకునే రోజు. మన పితృపక్షం తెలిసినవాళ్లకి ఇది అర్థం కావడం కష్టం కాదు. డిసెంబర్‌లో పగలు అన్నిటికంటే తక్కువగా ఉండే రోజున యూల్. మే 1న బెల్టేన్. మిగతావి కూడా ఇలాగే పగలూ రాత్రీ సమానమయ్యే రోజులూ, పంటల కాలమూ చూసుకుని వస్తాయి. వాళ్ల ప్రధాన నీతి ఒక్క వాక్యం: ఎవరికీ హాని చేయనంతవరకు నీకు నచ్చింది చెయ్యి. మనం చేసింది మూడింతలై మనకే తిరిగొస్తుందని కూడా చాలామంది నమ్ముతారు. "శాపాలు పెడతారట కదా" అని నన్ను అడిగే తల్లిదండ్రులకి నేను ఈ రెండు మాటలే చెబుతాను.

సైతాను సంగతి కూడా అడుగుతారు. సైతాను క్రైస్తవంలో ఉన్నాడు, విక్కాలో లేడు. వృత్తంలో ఐదు కోణాల నక్షత్రం ఉంటుంది, దాన్ని పెంటకిల్ అంటారు. మెడలో వేసుకునేది అదే. నాలుగు కోణాలు భూమికి, గాలికి, నిప్పుకి, నీటికి. ఐదోది ఆత్మకి గుర్తు. పంచభూతాలు తెలిసిన మనకి దీన్ని చూసి ఉలిక్కిపడాల్సిన పనేముంది?

మరి పిల్లలు ఎందుకు భయపడతారు? కారణం లేకుండా భయపడరు. కొన్ని సంగతులు చెబుతాను, ఇవన్నీ రికార్డులో ఉన్నవే.

1993లో అర్కన్సా రాష్ట్రంలోని వెస్ట్ మెంఫిస్‌లో ముగ్గురు చిన్న పిల్లలు హత్యకి గురయ్యారు. పోలీసులు ముగ్గురు కుర్రాళ్లని అరెస్టు చేశారు. వాళ్లకి 16, 17, 18 ఏళ్లు. పద్దెనిమిదేళ్లవాడు డేమియన్ ఎకల్స్. నల్ల బట్టలు వేసుకునేవాడు, హెవీ మెటల్ సంగీతం వినేవాడు, విక్కా మీద ఆసక్తి ఉందని చెప్పుకునేవాడు. కోర్టులో అతను చదివే పుస్తకాల్ని, అతని నమ్మకాల్ని నేరానికి కారణంగా చూపించారు. 1994లో అతనికి మరణశిక్ష, మిగతా ఇద్దరికి జీవిత ఖైదు పడ్డాయి. ఆ తర్వాత చేసిన డీఎన్ఏ పరీక్షల్లో ఈ ముగ్గురితో సరిపోయేది ఏదీ దొరకలేదు. 2011 ఆగస్టులో విడుదలయ్యారు. అది కూడా, మేం నిర్దోషులమే అని చెబుతూనే కాగితం మీద నేరాన్ని ఒప్పుకునే ఒక చట్టపరమైన ఏర్పాటు కింద. 18 ఏళ్లు జైల్లో గడిచిపోయాయి. ఒక టీనేజర్ తన నమ్మకం గురించి ఊళ్లో నలుగురికీ తెలిసేలా మాట్లాడితే అది ఎంత దూరం పోగలదో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. దీని గురించి చదివినప్పుడల్లా నా గదిలో కూర్చునే పిల్లల మొహాలు గుర్తొస్తాయి.

1999 ఏప్రిల్‌లో కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్‌లో కాల్పులు జరిగాక దేశమంతా స్కూళ్లు కంగారుపడ్డాయి. నల్ల కోట్లు, నక్షత్రాల లాకెట్లు, ఏది కాస్త తేడాగా కనిపిస్తే అది అనుమానమే. ఆ డిసెంబర్‌లో ఓక్లహోమాలో ఒక హైస్కూల్ అమ్మాయిని 15 రోజులు సస్పెండ్ చేశారు. ఒక టీచర్‌కి ఒంట్లో బాగాలేకపోతే ఆ పిల్లే మంత్రం వేసిందని ఆరోపణ. ఆమె అసలు క్యాథలిక్ కుటుంబంలో పెరిగిన పిల్ల, తను మంత్రగత్తెని కానని చెప్పింది. చేసిందల్లా లైబ్రరీలో విక్కా గురించి చదవడం. విక్కన్ కాని పిల్లకే ఇలా జరిగితే, అవుననే పిల్ల నోరు విప్పడానికి ఎంత ఆలోచించాలి!

అదే ఏడాది మన టెక్సస్‌లోనే, ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో విక్కన్ సైనికులు పూజ చేసుకుంటున్నారని కాంగ్రెస్‌లో ఒక సభ్యుడు గొడవ చేశాడు. అప్పుడు మన గవర్నర్‌గా ఉన్న జార్జ్ డబ్ల్యూ. బుష్, మంత్రవిద్య మతమని తాను అనుకోవడం లేదని టీవీలో అన్నాడు. మీ రాష్ట్ర గవర్నరే మీ మతం మతం కాదంటే, పదిహేనేళ్ల పిల్ల కెఫెటీరియాలో ఏమని చెప్పుకుంటుంది?

నిజానికి కోర్టులు అంతకుముందే వేరే మాట చెప్పాయి. 1986లో వర్జీనియా జైలు ఖైదీ ఒకరు వేసిన కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు విక్కాని మతంగానే గుర్తించింది. 1999లోనే మిషిగన్‌లోని లింకన్ పార్క్‌లో 17 ఏళ్ల అమ్మాయి ఒకరు, పెంటకిల్ వేసుకోవద్దన్న స్కూల్ మీద పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ సాయంతో కోర్టుకి వెళ్లింది. చివరికి స్కూల్ వెనక్కి తగ్గింది.

నాకు అన్నిటికంటే మనసుకి తాకేది ఒక సైనికుడి కథ. సార్జెంట్ ప్యాట్రిక్ స్టివర్ట్, నెవాడా నేషనల్ గార్డ్. 2005 సెప్టెంబర్‌లో ఆఫ్ఘనిస్తాన్‌లో హెలికాప్టర్ కూల్చివేతలో చనిపోయాడు. ఆయన విక్కన్. భార్య రొబెర్టా ఆయన స్మారక ఫలకం మీద పెంటకిల్ వేయమని అడిగింది. ప్రభుత్వం ఒప్పుకున్న మత చిహ్నాల జాబితాలో శిలువ ఉంది, దావీదు నక్షత్రం ఉంది, చివరికి నాస్తికుల గుర్తు కూడా ఉంది. పెంటకిల్ లేదు. దేశం కోసం ప్రాణమిచ్చిన మనిషి పేరు పక్కన ఆయన నమ్మిన గుర్తు వేయడానికి ఆమె కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2007 ఏప్రిల్‌లో ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో కూడా ఆ గుర్తు ఉన్న రాళ్లు ఉన్నాయి. స్కూల్లో ఎవరైనా "ఇదీ ఒక మతమేనా?" అని అడిగితే, సైనికుల సమాధి రాళ్ల మీద ఉన్న గుర్తు ఇది అని చెప్పవచ్చు.

మనుషుల సంఖ్య కూడా పెరిగింది. ఒక పెద్ద జాతీయ సర్వేలో తాము విక్కన్లమని చెప్పినవాళ్ల అంచనా 1990లో 8,000. 2008కి 3,42,000. వీళ్లలో చాలామంది ఏ గుంపులోనూ లేరు, ఒంటరిగా పాటించుకునేవాళ్లే. పిల్లలైతే మరీ. కవెన్ అంటారు చూడండి, కలిసి పూజ చేసుకునే బృందం, చాలా కవెన్లు 18 ఏళ్లు నిండనివాళ్లని, తల్లిదండ్రుల అనుమతి లేనివాళ్లని చేర్చుకోవు. అది మంచి పద్ధతే. కానీ దానివల్ల పదిహేనేళ్ల విక్కన్‌కి గుడి లేదు, ఆదివారం బడి లేదు, తనలాంటి ఇంకో మనిషి కూడా ఉండదు. క్లాస్‌మేట్‌కి చెప్పుకోవాలన్న ఆరాటం అక్కడ పుడుతుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. టెన్త్ గ్రేడ్. పుదీనా బిళ్లలు వస్తాయి చూడండి, చిన్న రేకు డబ్బా, అది నా టేబుల్ మీద పెట్టి మూత తీసింది. లోపల ఉప్పు పొట్లం, పావురం ఈక ముక్క, పుట్టినరోజు కేకు మీద పెట్టే కొవ్వొత్తి, గోరంత గవ్వ. అది ఆమె పూజాపీఠం. ఉప్పు భూమికి, ఈక గాలికి, కొవ్వొత్తి నిప్పుకి, గవ్వ నీళ్లకి. కొవ్వొత్తి వత్తి తెల్లగా ఉంది, ఎప్పుడూ వెలిగించలేదు. స్కూల్లో వెలిగించకూడదని తనకి తెలుసు, ఇంట్లో అమ్మకి వాసన తెలుస్తుందని భయం. ఊరికే డబ్బా తెరిచి చూసుకుని, కళ్లు మూసుకుని, మళ్లీ మూసేస్తుందట. నేను ఆ డబ్బాని ముట్టుకోలేదు. మన ఇంట్లో పూజగదిలో వస్తువుల్ని బయటివాళ్లు అడగకుండా ముట్టుకుంటే మనకెలా ఉంటుంది?

కెమిస్ట్రీలో తన ల్యాబ్ పార్ట్‌నర్‌కి చెప్పాలని ఉందంది. ఎందుకు అని అడిగాను. ఈ ప్రశ్న నేను అందర్నీ అడుగుతాను. దీనికి వచ్చే జవాబుని బట్టే మిగతాదంతా ఉంటుంది.

ఒంటరిగా ఉంది, ఒక్కరికైనా నా గురించి నిజం తెలిస్తే బాగుండు అని జవాబొస్తే, అది మంచి కారణం. ఆ పిల్ల చెప్పుకోవడానికి ఒక మనిషిని వెతకడంలో నేను సాయం చేస్తాను. అందరూ నన్ను చూసి భయపడాలి, అప్పుడు ఏడిపించడం మానేస్తారు అని జవాబొస్తే, నేను గట్టిగానే వద్దంటాను. భయపెట్టడానికి చెప్పిన మాట ఆఫీసుకి వెళ్లేసరికి బెదిరింపు అయిపోతుంది. ఓక్లహోమా అమ్మాయి ఏమీ అనకుండానే 15 రోజులు బయట కూర్చుంది. ఇక ఎవరో వెక్కిరించారు, కోపంలో "అవును, నేను విచ్‌నే, ఏం చేస్తావ్?" అనేశారనుకోండి, అంతకంటే చెడ్డ సమయం ఉండదు. గొడవలో చెప్పిన నమ్మకాన్ని గొడవలోనే గుర్తుపెట్టుకుంటారు.

ఇక ఇంటి సంగతి. నేను అడిగే రెండో ప్రశ్న, "ఇంట్లో తెలుసా?" తెలుసు, పర్వాలేదు అంటే సగం టెన్షన్ తీరినట్టే. తెలియదు, తెలిస్తే ఇంట్లోంచి పంపేస్తారు, ఫోన్ లాక్కుంటారు, వేరే స్కూల్లో పడేస్తారు అంటే, క్లాసులో ఎవరికీ చెప్పొద్దనే అంటాను, ఎంత ప్రాణ స్నేహితురాలైనా సరే. పెదవి దాటితే పృథివి దాటుతుంది అంటారు మనవాళ్లు. ఇప్పుడైతే దాటడానికి గంట కూడా పట్టదు. ల్యాబ్ పార్ట్‌నర్ మంచిదే కావచ్చు. తను వాళ్ల అక్కకి టెక్స్ట్ పెడుతుంది, అక్క స్నేహితురాలు స్క్రీన్‌షాట్ తీస్తుంది, ఆ స్నేహితురాలి తల్లి, ఈ అమ్మాయి తల్లి ఒకే చర్చికి వెళ్తారు. సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. అది కూడా ఆ పిల్ల మాటల్లో కాదు, ఎవరి మాటల్లోనో. అందుకే అన్నాను, క్లాసులో చెప్పాలా అన్న ప్రశ్నకి సగం జవాబు ఇంట్లో ఉందని. ఇంట్లో చెప్పే పరిస్థితి లేకపోతే డబ్బా మూసి ఉంచడంలో తప్పేమీ లేదు. 18 ఏళ్లు వచ్చాక, తన కాళ్ల మీద తను నిలబడ్డాక, ఎవరికి కావాలంటే వాళ్లకి చెప్పుకోవచ్చు. పిల్లలకి మూడేళ్లు చాలా పెద్ద కాలమని నాకు తెలుసు. అయినా చెబుతాను.

నా దగ్గర చెప్పింది కూడా పూర్తిగా గుట్టు అని నేను ఎప్పుడూ మాట ఇవ్వను. ఒక ఫెడరల్ చట్టం ప్రకారం పిల్లలకి 18 వచ్చేదాకా స్కూల్ రికార్డులు చూసే హక్కు తల్లిదండ్రులకి ఉంది. ఆ సంగతి పిల్లలకి ముందే చెబుతాను. తెలుసుకుని చెప్పడం వేరు, తెలియక చెప్పడం వేరు.

సరే, ఇంట్లో ఇబ్బంది లేదు, కారణం మంచిదే, చెప్పాలనే అనుకుంది. ఎలా? ముందు ఆ మనిషి వేరేవాళ్ల విషయాల్ని ఎలా దాచుకుంటుందో చూడమంటాను. ఇంకొకరి రహస్యాన్ని మనకి తెచ్చి చెప్పే స్నేహితురాలు మన రహస్యాన్నీ తీసుకెళ్తుంది. నోటితో చెప్పాలి, టెక్స్ట్‌లో కాదు. పొట్టిగా చెప్పాలి. "నేను విక్కన్‌ని. ప్రకృతిని కొలిచే మతం. నీకు చెప్పాలనిపించింది. ఇంకెవరికీ చెప్పకు" అంటే చాలు. చరిత్రంతా విప్పక్కర్లేదు. అడిగితే అప్పుడు చెప్పవచ్చు.

చెప్పొద్దనుకున్న పిల్లలకి ఇంకో ఇబ్బంది ఉంది. ఇక్కడ పరిచయమైన మొదటి వారంలోనే "మీరు ఏ చర్చికి వెళ్తారు?" అని అడుగుతారు. మన పిల్లలకి ఈ ప్రశ్న బాగా తెలుసు, కదా? చేతులు లేస్తున్నాయి. చెడు ఉద్దేశంతో అడిగేది కాదు, వాళ్ల పలకరింపు అది. దానికి అబద్ధం చెప్పక్కర్లేదు. "మేం చర్చికి వెళ్లం" అంటే నిజమే. "మతం గురించి నేను పెద్దగా మాట్లాడను" అంటే అదీ నిజమే. ఈ రెండు వాక్యాల్ని నా గదిలో పైకి అని చూడమంటాను. మొదటిసారి గొంతు వణుకుతుంది, తర్వాత సర్దుకుంటుంది.

చట్టం గురించి కొంచెం. ప్రభుత్వ స్కూల్ ఏ మతానికీ కొమ్ము కాయకూడదు, ఏ మతాన్నీ అణచకూడదు. స్కూల్ గేటు దాటగానే విద్యార్థుల హక్కులు పోవని సుప్రీంకోర్టు 1969లోనే చెప్పింది. మన టెక్సస్‌లో 2007లో వచ్చిన చట్టం ప్రకారం పిల్లలు హోంవర్క్‌లో తమ మతం గురించి రాస్తే, ఆ కారణంగా మార్కులు తగ్గించకూడదు. శిలువ వేసుకోనిచ్చే స్కూల్ పెంటకిల్ కూడా వేసుకోనివ్వాలి. సెలవు సంగతి మీకు బాగా తెలుసు. దీపావళికి మీరు స్కూల్‌కి ఉత్తరం రాస్తే పిల్లల గైర్హాజరు లెక్కలోకి రాదు. టెక్సస్ విద్యా చట్టం మతపరమైన పర్వదినాలకి ఇచ్చిన వెసులుబాటు అది. సావిన్‌కి కూడా అదే చట్టం. తేడా ఏమిటంటే, ఆ ఉత్తరం మీద తల్లో తండ్రో సంతకం పెట్టాలి. మళ్లీ ఇంటికే వచ్చాం చూడండి. ప్రైవేటు స్కూళ్లకి ఈ రాజ్యాంగ నియమాలు ఇలాగే వర్తించవు. అక్కడ చదివే పిల్లలు చేరేటప్పుడు సంతకం చేసిన నిబంధనలు చదువుకోవాలి.

చట్టం ఉంది కదా అని చెప్పేయమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. స్కూల్ సస్పెండ్ చేయకుండా చట్టం ఆపగలదు. లంచ్ టేబుల్ దగ్గర అందరూ లేచి వెళ్లిపోతే ఏ చట్టమూ వాళ్లని కూర్చోబెట్టలేదు.

ఆ టేబుల్ దగ్గర కూర్చునేది మీరు. మీతో ఎవరైనా ఈ మాట చెబితే ఏం చేయాలి? ముందు "నాకు చెప్పినందుకు థాంక్స్" అనండి. "ఇంకెవరికి తెలుసు?" అని అడగండి, దాన్ని బట్టి ఎక్కడ నోరు మూసుకోవాలో మీకు తెలుస్తుంది. "నాకోసం ఒక మంత్రం వెయ్యి, ఫిజిక్స్‌లో 'ఎ' గ్రేడ్ రావాలి" అని ఆటపట్టించకండి. తను తన దేవుడి గురించి చెబుతోంది. మిమ్మల్ని ఎవరైనా నుదుటి బొట్టు చూసి వేళాకోళం చేసినప్పుడు ఎలా ఉందో గుర్తుచేసుకోండి. అర్థం కాకపోతే అడగండి, తప్పులేదు. నచ్చకపోయినా తప్పులేదు, మీ నమ్మకం మీది. కానీ ఆ మాటని ఇంకో ఫోన్‌లోకి పంపే హక్కు మీకు లేదు. "అమ్మకి కూడా చెప్పకూడదా ఆంటీ?" అని ఒక పిల్ల నన్ను అడిగింది. తనకి ప్రమాదం ఉందనిపిస్తే, తనని తాను గాయపరచుకుంటోందనో, ఎవరో పెద్దవాళ్లు పూజ పేరుతో ఒంటరిగా రమ్మంటున్నారనో తెలిస్తే, వెంటనే పెద్దవాళ్లకి చెప్పాలి. అది ఏ మతంలోనైనా అంతే. ఊరికే నమ్మకం గురించైతే చెప్పక్కర్లేదు.

ఇక ప్రశ్నలు. చెప్పండి సార్.

(సభలో ఒక తండ్రి: "బాగానే చెప్పారమ్మా. కానీ ఊళ్లో చేతబడి, బాణామతి అంటే ఎంత భయమో మీకూ తెలుసు. రేపు మా అమ్మాయే వచ్చి నేను విక్కన్‌ని అంటే? ఖమ్మంలో మా అమ్మకి ఏమని చెప్పాలి?")

మీ భయం నాకు తెలుసు సార్. నేనూ అలాంటి కథలు వింటూ పెరిగినదాన్నే. ఒక్కసారి ఆలోచించండి. మన ఊళ్లలో బాణామతి పేరుతో ఎవరు చచ్చిపోయారు? మంత్రం వేశారని ఎదుటివాళ్లని అనుమానించినవాళ్లు కాదు. అనుమానానికి గురైనవాళ్లు. వాళ్లని చెట్టుకి కట్టేసి కొట్టారు, పళ్లు ఊడగొట్టారు, తగలబెట్టారు. వాళ్లలో ఎక్కువమంది పేదవాళ్లు, దిక్కులేని ఆడవాళ్లు. అమెరికాలో 1692లో సేలంలో 19 మందిని ఉరితీశారు, ఒక ముసలాయన్ని బండల కింద నలిపి చంపారు. వాళ్లు విక్కన్లు కాదు, అప్పటికి విక్కా పుట్టనే లేదు. మామూలు క్రైస్తవులు. కాబట్టి మన భయం ఆ బిడ్డని చూసి కాదు, ఆ బిడ్డ మీద పడే అనుమానాన్ని చూసి ఉండాలి.

మీ అమ్మాయి మీ దగ్గరికే వచ్చి చెప్పిందంటే, మిమ్మల్ని నమ్మింది. ఆ రోజు తిట్టకండి, పుస్తకాలు పారేయకండి. ఏం చదువుతున్నావు, ఎవరితో మాట్లాడుతున్నావు, ఆన్‌లైన్‌లో ఎవరైనా డబ్బులు అడుగుతున్నారా అని అడగండి. ఇవి తండ్రిగా మీరు అడగాల్సినవే. పూజకి రాను అంటే బాధ ఉంటుంది, ఆ బాధ కూడా చెప్పండి, దాచక్కర్లేదు. ఖమ్మంలో అమ్మగారికి ఇప్పుడే ఏమీ చెప్పక్కర్లేదు. చెప్పాలో వద్దో మీ అమ్మాయినే అడగండి. ఆ వార్త తనది.

వెనక నుంచి, ఆ నీలం టీషర్ట్. చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: "ఒకవేళ ఎవరైనా అందరికీ చెప్పేసి, తర్వాత ఏడాదికి విక్కా మానేస్తే? అప్పుడు అందరూ నవ్వరా?")

మానేయడం మామూలే. పదహారేళ్లకి నమ్మినవన్నీ ఇరవై ఏళ్లకి నమ్ముతామా? కొందరు జీవితాంతం ఉంటారు, కొందరు వేరే దారి పడతారు. మళ్లీ అందరినీ పిలిచి ప్రకటించాల్సిన పనిలేదు. ఎవరైనా అడిగితే "ఇప్పుడు పాటించట్లేదు" అంటే సరిపోతుంది, ఎందుకో చెప్పాల్సిన అవసరం కూడా లేదు. నీ ఫ్రెండ్ అలా మానేస్తే నువ్వు మాత్రం "నాకు ముందే తెలుసు" అనకు. తను నీతో ఆ మాట చెప్పిన రోజున తనకి అది నిజమే. ఆ పాత కబురు ఎవరైనా గ్రూప్ చాట్‌లో మళ్లీ పైకి తీస్తే, వదిలేయమని చెప్పు. వినకపోతే స్క్రీన్‌షాట్ తీసి నాలాంటివాళ్లకో, నీకు నమ్మకమున్న టీచర్‌కో చూపించు. మతం పేరుతో ఏడిపించడం కూడా బుల్లీయింగే, ఫిర్యాదు అందితే స్కూల్ విచారించి తీరాలి.

ఇంకెవరైనా అడగాలనుకుంటే బయట కాఫీ దగ్గర ఉంటాను. అందరి ముందు అడగడం ఇష్టం లేనివాళ్లు అక్కడికి రండి.